సూక్ష్మప్రతిమల యుద్ధక్రీడ (గుర్రము-మస్కెట్ యుగము)

సూక్ష్మప్రతిమల యుద్ధక్రీడ అనగా రంగులు వేసిన చిన్న సైనికుల బొమ్మలను బల్లపై మోహరించి, ముందుగా ఒప్పుకున్న నియమాల ప్రకారం, కొలబద్ద మరియు పాచికల సహాయంతో ఒక యుద్ధాన్ని నడిపే ఆట. సాధారణంగా ఇద్దరు ఆడతారు. పెద్ద యుద్ధమైతే ఒక్కొక్క పక్షంలో పలువురు సేనానులుగా ఉంటారు. వివాదాలు తీర్చడానికీ, రహస్య సమాచారాన్ని కాపాడడానికీ ఒక మధ్యవర్తిని నియమించుకోవడం కూడా కలదు. ఈ ఆటలో చదరంగంలో వలె గళ్ళు ఉండవు. బొమ్మ ఎంత దూరం నడిచినదీ, తుపాకి గుండు ఎంత దూరం చేరినదీ అంగుళాలలో కొలుస్తారు.

ప్రాచీన రోము మొదలుకొని రెండవ ప్రపంచయుద్ధం వరకు అనేక కాలాలకు సంబంధించిన యుద్ధక్రీడలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఆదరణ పొందినవాటిలో ఒకటి "గుర్రము-మస్కెట్ యుగము"నకు చెందినది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ యుగపు ఆటను గురించి వివరిస్తుంది.

యుగ లక్షణాలు

ఐరోపా సైనిక చరిత్రలో సుమారు 1700 నుండి 19వ శతాబ్దం మధ్య వరకు గల కాలాన్ని గుర్రము-మస్కెట్ యుగమని వ్యవహరిస్తారు. ఈ కాలపు యుద్ధాలలో పదాతిదళం, అశ్వికదళం, ఫిరంగిదళం అనే మూడు అంగాలు ప్రధానమైనవి. పదాతి చేతిలోని ఆయుధం చెకుముకి రాయితో నిప్పు పుట్టించి పేల్చే మస్కెట్ తుపాకి. దాని గొట్టం లోపలి భాగం నున్నగా ఉండడం వలన గుండు సూటిగా పోదు. నూరు గజాలు దాటితే ఒక మనిషిని గురిచూసి కొట్టడం కష్టం. శిక్షణ పొందిన సైనికుడు నిమిషానికి రెండు మూడు సార్లు మాత్రమే కాల్చగలడు. ఈ లోపాలను పూరించడానికి వందల మంది భుజం భుజం కలిపి రెండు లేదా మూడు వరుసలుగా నిలబడి ఒక్కసారిగా కాల్చేవారు. తుపాకి మొనకు బాయినెట్ బిగించే పద్ధతి వచ్చిన తరువాత ఈటెలు పట్టే సైనికుల అవసరం తీరిపోయినది.

స్పానిష్ వారసత్వ యుద్ధం (1701-1714), ఏడేళ్ళ యుద్ధం (1756-1763), అమెరికా స్వాతంత్ర్య యుద్ధం (1775-1783), నెపోలియన్ యుద్ధాలు (1803-1815) ఈ యుగానికి చెందినవి. భారతదేశంలో కర్ణాటక యుద్ధాలు, మైసూరు యుద్ధాలు, మరాఠా యుద్ధాలు కూడా ఇదే కాలంలో జరిగినవి. గొట్టంలో మరలు గల రైఫిళ్ళు 1850ల తరువాత అందరు సైనికుల చేతికీ రావడంతో ఈ యుద్ధపద్ధతి క్రమంగా అంతరించినది.

చరిత్ర

చదరంగం నుండి పటం వరకు

భారతదేశంలో పుట్టిన చతురంగ క్రీడ సేనాంగాలను బల్లపై చూపిన ఆటలలో ప్రాచీనమైనది. యుద్ధక్రీడ కూడా చదరంగం నుండే మొలకెత్తినది. జర్మనీలోని బ్రున్స్విక్ నగరంలో గణిత బోధకుడైన యోహాన్ క్రిస్టియన్ లుడ్విగ్ హెల్విగ్ 1780లో చదరంగాన్ని విస్తరించి, వందలాది గళ్ళతో, కొండలు, నదులు, అడవులు సూచించే రంగులతో ఒక ఆటను ప్రచురించాడు.

గళ్ళను తొలగించిన ఘనత ప్రష్యా దేశానికి చెందిన రైస్విట్జ్ తండ్రీకొడుకులది. తండ్రి గియోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ 1812లో, నేల స్వరూపాన్ని చూపే పలకలు అమర్చిన ఒక బల్లను రాజు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్‌కు సమర్పించాడు. కుమారుడు గియోర్గ్ హైన్రిక్ రుడాల్ఫ్ ఫాన్ రైస్విట్జ్ ఫిరంగిదళంలో అధికారి. అతడు 1824లో 1:8000 కొలమానం గల సైనిక పటంపై ఆడే కొత్త నియమావళిని ప్రచురించాడు. దీనికి "క్రీగ్‌స్పీల్" అని పేరు. జర్మన్ భాషలో ఈ మాటకు యుద్ధక్రీడ అని అర్థం. ఒక్కొక్క ఎత్తు యుద్ధరంగంలో రెండు నిమిషాల కాలానికి సమానం. కాల్పుల ఫలితాన్ని పాచికలు నిర్ణయిస్తాయి. ప్రత్యర్థి సేనలలో ఆటగాడి కంటికి ఆనవలసినవి మాత్రమే మధ్యవర్తి పటంపై ఉంచుతాడు. ప్రష్యా సైన్యాధిపతి కార్ల్ ఫాన్ మఫ్లింగ్ మొదట అనాసక్తిగా చూచి, ఆట సాగేకొద్దీ ముగ్ధుడై, ఇది వినోదం కాదని, యుద్ధానికి శిక్షణ అని భావించి సైన్యమంతటా వాడవలసినదిగా సిఫారసు చేశాడు. అయితే ఈ కీర్తి చిన్న రైస్విట్జ్‌కు సుఖాన్ని ఇవ్వలేదు. రాజధానికి దూరంగా బదిలీ అయిన ఆయన 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1870-71లో ప్రష్యా సైన్యం ఫ్రాన్సును ఓడించిన తరువాత ఇతర దేశాల సైన్యాలు కూడా ఈ ఆటను శిక్షణలో చేర్చుకున్నాయి.

పిల్లల బొమ్మల నుండి పెద్దల ఆట వరకు

సైనికుల శిక్షణగా ఉన్న యుద్ధక్రీడను ఇంటి ఆటగా మార్చినవారు రచయితలు. స్కాటిష్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1880ల ఆరంభంలో స్విట్జర్లాండులోని దావోస్‌లో ఆరోగ్యం కోసం ఉన్నప్పుడు తన సవతి కుమారుడు లాయిడ్ ఆస్బర్న్‌తో కలిసి తగరపు సైనికులతో యుద్ధాలు ఆడేవాడు. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం ఆరంభించినది. దీనితో బొమ్మల బరువూ, ధరా తగ్గి అవి సామాన్య కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చినవి.

వైజ్ఞానిక కల్పిత రచయితగా ప్రసిద్ధుడైన హెచ్.జి.వెల్స్ 1913లో "లిటిల్ వార్స్" అనే చిన్న పుస్తకాన్ని ప్రచురించాడు. వినోదం కొరకు బొమ్మలతో ఆడే యుద్ధక్రీడకు ఇది మూలగ్రంథంగా భావించబడుతున్నది. పదాతి ఎత్తుకు ఒక అడుగు, రౌతు రెండు అడుగులు కదలడం, స్ప్రింగు గల బొమ్మ ఫిరంగితో నిజంగానే కొయ్యగుండ్లు పేల్చి బొమ్మలను పడగొట్టడం ఇందులోని పద్ధతులు. వెల్స్ యుద్ధ వ్యతిరేకి. నేలమీద ఈ చిన్న యుద్ధాన్ని ఆడి చూచినవాడికి నిజమైన మహాయుద్ధం ఎంతటి తెలివిమాలిన పనో అర్థమవుతుందని ఆయన ఆ పుస్తకం చివర వాదించాడు. మరుసటి సంవత్సరమే, అనగా 1914లో, మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనది.

1950 తరువాత

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఈ ఆట ఒక వ్యవస్థీకృత వ్యాసంగంగా రూపొందినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో జాక్ స్క్రూబీ బొమ్మలను పోతపోస్తూ, 1957 నుండి యుద్ధక్రీడలకే ప్రత్యేకించిన పత్రికను నడిపాడు. ఇంగ్లండులో 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రచించిన "వార్ గేమ్స్" అనే గ్రంథం ఎందరినో ఈ ఆటలోకి ఆకర్షించినది. 1967లో బ్రిగేడియర్ పీటర్ యంగ్, జె.పి.లాఫర్డ్ కలిసి "చార్జ్!" అనే గ్రంథాన్ని, 1971లో చార్లెస్ గ్రాంట్ "ది వార్ గేమ్" అనే గ్రంథాన్ని వెలువరించారు. ఈ రెండు గ్రంథాలూ 18వ శతాబ్దపు యుద్ధాలకు సంబంధించినవే. వీటి ప్రభావంతో కల్పిత రాజ్యాలను, వాటి రాజులను, జెండాలను, సైనిక దుస్తులను స్వయంగా సృష్టించుకొని ఆడే సంప్రదాయం బలపడినది. 1959 నుండి ఎయిర్‌ఫిక్స్ సంస్థ విడుదల చేసిన చౌకైన ప్లాస్టిక్ సైనికులు బాలురకు సైతం ఈ ఆటను పరిచయం చేసినవి.

2009లో రిక్ ప్రీస్ట్‌లీ, జెర్విస్ జాన్సన్ రచించిన "బ్లాక్ పౌడర్" నియమావళి వెలువడినది. 18, 19 శతాబ్దాల యుద్ధాలకు విరివిగా వాడబడే నియమావళులలో ఇది ఒకటి. 2019 జూన్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 20 వేలకు పైగా బొమ్మలతో వాటర్లూ యుద్ధం తిరిగి ఆడబడినది.

కావలసిన సామగ్రి

బొమ్మలు: ఇవి సీసం, తగరం మొదలైన లోహాల మిశ్రమంతో గాని ప్లాస్టిక్‌తో గాని చేయబడతాయి. మనిషి బొమ్మ ఎత్తును బట్టి 54, 28, 15, 10, 6 మిల్లీమీటర్ల పరిమాణాలు ప్రచారంలో ఉన్నాయి. 28 మి.మీ. బొమ్మలపై దుస్తుల వివరాలు చక్కగా కనబడతాయి. 6 మి.మీ. బొమ్మలతో విశాలమైన యుద్ధరంగాన్ని చిన్న బల్లపై చూపవచ్చు.

నిష్పత్తి: ఒక్కొక్క బొమ్మ పలువురు సైనికులకు ప్రతినిధి. ఒక బొమ్మకు 20 మంది అనే నిష్పత్తిలో 600 మంది గల పటాలానికి 30 బొమ్మలు చాలును.

బల్ల: ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల బల్ల సాధారణం. దానిపై ఆకుపచ్చ గుడ్డ పరచి, కొండలు, ఇళ్ళు, చెట్లు, వాగులు అమర్చుతారు. సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు తీర్చే ఇళ్ళలో పార్కును, ఊరిని అమర్చే నేర్పు వంటిదే ఇక్కడ కూడా అవసరమవుతుంది.

ఇతర వస్తువులు: పాచికలు, అంగుళాల టేపు, నష్టాలను గుర్తించే బిళ్ళలు, నియమావళి పుస్తకం.

బొమ్మలకు రంగులు వేయడం ఈ వ్యాసంగంలో సగభాగం. ఏ పటాలం కోటు ఏ రంగు, దాని కాలరు, చేతిమడతలు ఏ రంగు, జెండాపై చిహ్నం ఏమి అనే విషయాలను చరిత్ర గ్రంథాల నుండి సేకరించి వేస్తారు. ఒక సైన్యం తయారు కావడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది.

ఆడే విధానం

నియమావళులు పలు విధాలుగా ఉన్నప్పటికీ ఆట క్రమం దాదాపు ఒకే రీతిగా ఉంటుంది. ఒక పక్షం తన వంతులో ఆజ్ఞలు ఇచ్చి దళాలను కదిలిస్తుంది. తరువాత కాల్పులు జరుపుతుంది. ఆ తరువాత ముఖాముఖి పోరు తీర్చబడుతుంది. అటు పిమ్మట ప్రత్యర్థి వంతు వస్తుంది.

ఆజ్ఞలు

చదరంగంలో ఆటగాడు జరపదలచిన పావు తప్పక జరుగుతుంది. యుద్ధరంగంలో అట్లు కాదు. పొగలో, చప్పుడులో ఆజ్ఞ చేరకపోవచ్చు, చేరినా అపార్థం కావచ్చు. దీనిని ఆటలో చూపడానికి బ్లాక్ పౌడర్ నియమావళిలో ప్రతి సేనానికి సామర్థ్యాన్ని సూచించే ఒక అంకె ఇవ్వబడుతుంది. ఆటగాడు ముందుగా తన ఆజ్ఞను పైకి చెప్పి, తరువాత రెండు పాచికలు వేయాలి. ఉదాహరణకు సేనాని అంకె 8 అనుకొన్నచో, రెండు పాచికలకు గల 36 అవకాశాలలో ఫలితాలు ఈ విధంగా ఉంటాయి.

మొత్తం 5 లేదా తక్కువ: దళం మూడు సార్లు కదలవచ్చును (36లో 10 అవకాశాలు).
మొత్తం 6: రెండు సార్లు కదలవచ్చును (36లో 5).
మొత్తం 7 లేదా 8: ఒక్కసారి మాత్రమే కదలవచ్చును (36లో 11).
మొత్తం 9 లేదా ఎక్కువ: ఆజ్ఞ విఫలమైనది, దళం కదలదు (36లో 10).

రెండు పాచికలపై ఆరు పడినచో దళం ఆజ్ఞకు విరుద్ధంగా ప్రవర్తించే ప్రమాదం కూడా ఉన్నది. అనగా సమర్థుడైన సేనాని ఆజ్ఞ కూడా నాలుగింట ఒకసారికి పైగా నిష్ఫలమవుతుంది. కనుక అనుభవం గల ఆటగాడు ముఖ్యమైన ఆజ్ఞను ముందుగా ఇస్తాడు. అన్ని దళాలూ ఒకేసారి అనుకొన్న చోటికి చేరితే తప్ప నెగ్గని పథకాన్ని ఎన్నుకోడు.

కాల్పులు

అదే నియమావళిలో సాధారణ పదాతి పటాలం కాల్చినప్పుడు మూడు పాచికలు వేస్తుంది. 4 లేదా అంతకంటె ఎక్కువ పడిన ప్రతి పాచిక ఒక దెబ్బ. దెబ్బ తగిలిన పక్షం ఒక్కొక్క దెబ్బకు మరల పాచిక వేసి, 4 లేదా ఎక్కువ పడితే దానిని తప్పించుకొంటుంది. సగటున మూడు పాచికలకు ఒకటిన్నర దెబ్బలు, అందులో సగం తప్పిపోగా ముప్పాతిక దెబ్బ మాత్రమే మిగులుతుంది. మూడు దెబ్బలు నిలిచిన పటాలం చెదిరిపోయే స్థితికి వస్తుంది. దూరం నుండి మస్కెట్ కాల్పులు మెల్లగా పనిచేసేవన్న చారిత్రక సత్యం ఈ లెక్కలో ఇమిడి ఉన్నది.

ధైర్యం

ఈ యుగపు యుద్ధాలలో పటాలంలోని చివరి మనిషి వరకు చనిపోవడం అరుదు. కొంత నష్టం తరువాత సైనికులు ధైర్యం కోల్పోయి వెనుదిరిగేవారు. అందువలన దాదాపు అన్ని నియమావళులలోను ధైర్య పరీక్ష ఉంటుంది. ఆటలో గెలుపు ఎక్కువగా చంపిన బొమ్మల సంఖ్యపై కాక, ఎవరి సైన్యం ముందుగా నిలకడ కోల్పోయినది అన్నదానిపై ఆధారపడుతుంది.

మోహరింపు రూపాలు

పదాతి పటాలం మూడు ముఖ్యమైన రూపాలలో నిలబడగలదు. సరియైన సమయంలో సరియైన రూపాన్ని ఎన్నుకోవడమే ఈ ఆటలోని ప్రధానమైన నేర్పు.

అడ్డవరుస: తుపాకులన్నీ ఒకేసారి పేలుతాయి. కాని మెల్లగా కదులుతుంది. ప్రక్కనుండి అశ్వికదళం తాకితే చెదిరిపోతుంది.
నిలువు బారు: త్వరగా కదులుతుంది. ముందువారు మాత్రమే కాల్చగలరు. ఫిరంగి గుండు వరుసలను చీల్చుకొని పోతుంది.
చతురస్రం: నాలుగు వైపులా బాయినెట్లు ఉంటాయి కనుక గుర్రాలు దగ్గరకు రావు. కాని ఒకే చోట గుమిగూడినందున ఫిరంగులకు, ఎదుటి పదాతికి సులువైన గురి అవుతుంది.

అశ్వికదళాన్ని చూపి ఎదుటి పదాతిని చతురస్రంగా మార్చుకొనేటట్లు చేసి, ఆపై ఫిరంగులతో కొట్టడం ప్రసిద్ధమైన ఎత్తుగడ. ఏ ఒక్క అంగమూ ఒంటరిగా నెగ్గలేదు. వాటర్లూలో (1815 జూన్ 18) ఫ్రెంచి అశ్వికదళం తగిన పదాతి, ఫిరంగుల తోడు లేకుండా బ్రిటిష్ చతురస్రాలపై పలుమార్లు దాడిచేసి విఫలమైనది. బల్లపై ఆ తప్పు చేసిన ఆటగాడికి కూడా సాధారణంగా అదే ఫలితం కలుగుతుంది.

ఉదాహరణ: చందుర్తి యుద్ధం

చారిత్రక యుద్ధాన్ని ఆటగా మలచడంలోని కష్టాలను తెలుసుకోవడానికి ఆంధ్రదేశంలో జరిగిన చందుర్తి యుద్ధం మంచి ఉదాహరణ. ఏడేళ్ళ యుద్ధంలో భాగంగా 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఆంగ్లేయ సైన్యం, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యం తలపడినవి. విజయనగర రాజు ఆనంద గజపతిరాజు ఆంగ్లేయుల పక్షాన ఉన్నాడు. రెండు వైపులా ఐరోపా సైనికులు సుమారు 500 మంది చొప్పున ఉన్నారు. ఆంగ్లేయుల వద్ద సుమారు 2,000 మంది, ఫ్రెంచివారి వద్ద సుమారు 6,000 మంది సిపాయిలు ఉన్నారు. ఒక బొమ్మకు 20 మంది చొప్పున లెక్కించినచో, రాజుగారి బలగం కాక, ఆంగ్లేయులకు 125, ఫ్రెంచివారికి 325 బొమ్మలు అవసరమవుతాయి.

యుద్ధాన్ని నిర్ణయించినది సంఖ్య కాదు, ఒక పొరపాటు. ఏపుగా ఎదిగిన పంటచేను ఫోర్డ్ యొక్క ఐరోపా పటాలాన్ని కనబడకుండా మరుగుపరచినది. ఎర్రకోటులు ధరించిన ఆంగ్లేయ సిపాయిలను చూచి ఫ్రెంచివారు వారే ఐరోపా సైనికులని భ్రమపడి, తమ ముఖ్యబలంతో వారిపై పడ్డారు. సిపాయిలు వెనుకకు తగ్గారు. ఫ్రెంచివారు వరుస తప్పి తరుముతుండగా చేను వెనుకనున్న అసలు పటాలం వారి ప్రక్కభాగంపై కాల్పులు జరిపినది. ఫ్రెంచి సైన్యం ఓడిపోయినది. ఫోర్డ్ ముందుకు సాగి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను కూడా పట్టుకొనడంతో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యం ముగిసినది.

దీనిని ఆటగా ఆడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. చరిత్ర చదివిన ఆటగాడికి చేను వెనుక ఏమున్నదో ముందే తెలుసు. కాన్‌ఫ్లాన్స్‌కు తెలియదు. అందుచేత నిర్వాహకులు సేనల పేర్లు, దేశం మార్చి, పటాన్ని కుడి ఎడమలుగా తిప్పి, అది ఏ యుద్ధమో ఆటగాళ్ళకు చెప్పకుండా నడుపుతారు. దాగిన దళాన్ని మధ్యవర్తి మాత్రమే ఎరుగును. ఓడిన సేనాని తెలివితక్కువవాడని పుస్తకం చదివి అనుకొన్నవారు, అదే తెలియనితనంలో కూర్చున్నప్పుడు తామూ అదే పొరపాటు చేయవచ్చునని గ్రహిస్తారు. చరిత్ర విద్యార్థికి ఈ ఆట నేర్పగల పాఠాలలో ఇది ముఖ్యమైనది.

రెండు పక్షాల బలాలు అసమానంగా ఉండడం మరొక సమస్య. పులి-మేక ఆటలో వలె, రెండు పక్షాలకూ వేరువేరు లక్ష్యాలు ఇచ్చి దీనిని సరిచేస్తారు. బలహీన పక్షం గెలవనక్కరలేదు, చీకటి పడేవరకు నిలబడితే చాలునని నిర్ణయించడం ఇందుకు ఒక పద్ధతి.

ప్రయోజనాలు

ఈ ఆట వలన చరిత్ర, భూగోళం, గణితాలపై ఆసక్తి పెరుగుతుంది. ఒక దిబ్బ లేదా ఒక వంతెన యుద్ధాన్ని ఎందుకు మలుపు తిప్పినదో పటంలో కన్నా బల్లపై స్పష్టంగా తెలుస్తుంది. పాచికల వాడుక సంభావ్యత సూత్రాలకు ప్రత్యక్ష ఉదాహరణగా ఉపయోగపడుతుంది. రంగులు వేయడం ఓర్పును, చేతిపనిలో నైపుణ్యాన్ని అలవరుస్తుంది.

విమర్శలు

యుద్ధాన్ని వినోదంగా మార్చడం తగదన్న విమర్శ వెల్స్ కాలం నుండీ ఉన్నది. దీనికి ఆటగాళ్ళు సాధారణంగా చెప్పే సమాధానం, చదరంగం ఆడేవారు హింసను కోరనట్లే తామూ కోరమని. అయితే ఈ ఆట చూపనివి కొన్ని ఉన్నాయన్న మాట నిజం. ఆ యుగపు సైన్యాలలో యుద్ధరంగంలో చనిపోయినవారి కన్నా రోగాలతో చనిపోయినవారే ఎక్కువ. నియమావళులలో దీనికి స్థానం తక్కువ. గాయపడినవారు, బరువులు మోసే కూలీలు, దారిలోని గ్రామస్థులు బల్లపై కనబడరు. చందుర్తి ఆటలో పంటచేను అంటే కొన్ని అంగుళాల పచ్చని పీచుగుడ్డ మాత్రమే. దానిని పండించిన రైతుకు అది ఏడాది తిండి. ఆట ముగిసిన తరువాత పడిపోయిన బొమ్మలు మరల పెట్టెలోకి చేరి, వచ్చే వారం మరల నిలబడతాయి.

ఆటకూ యుద్ధానికీ గల ఈ తేడాను మరచిపోకుండా ఆడినప్పుడే యుద్ధక్రీడ చరిత్ర అధ్యయనానికి సాధనమవుతుందని చెప్పవచ్చును.